నట్టుకు మూడు చుట్లు

ఏప్రిల్ 13, ఆదివారం

నిన్నటి పేజీ చించేశాను. అందులో పెద్దగా ఏమీ లేదు. పెట్రోలు, వాతావరణం, అంతే.

ఈరోజు జరిగింది మాత్రం రాయాలి. కెటిల్ బ్యాంక్ కొండ దిగుతుంటే బండి ఆగలేదు. రెండో మలుపు దగ్గర పెడల్ మీద లేచి నిలబడినంత పని చేశాను. చేతి బ్రేకు లాగాను. అయినా మా పాత కారు బ్రామ్లీ నా మాట వినకుండా నేరుగా రాతిగోడలోకి వెళ్లింది. వేగం ఎక్కువేమీ కాదు, మనిషి పరిగెత్తేటంత. పక్క సీట్లో గ్లెనిస్ రెండు చేతులూ ముందుకు చాపింది. కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో మోచేతి దాకా కట్టు వేశారు. ఆరు వారాలు ఉంచాలట.

"ఏ కారమ్మా?" అని డాక్టరు అడిగితే గ్లెనిస్ నా వైపు చూసి, "కారు కాదండీ, నా సవతి. ఎనభై మూడేళ్లది. ఈయన నన్ను చేసుకోకముందే దాన్ని చేసుకున్నాడు. ఇన్నాళ్లకు కక్ష తీర్చుకుంది" అంది. డాక్టరు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నా.

ఆమె నుదురు బండి అద్దానికి జానెడు దూరంలో ఆగింది. 1931 నాటి అద్దం, పగిలితే కత్తులే. దేవుడున్నాడో లేడో నాకు తెలియదు. ఆ జానెడు దూరానికి మాత్రం ఎవరికో ఒకరికి దండం పెట్టుకోవాలి. పెట్టుకున్నాను.

ఏప్రిల్ 14, సోమవారం

ఎడమ వైపు మడ్‌గార్డు వంగింది. దీపం బాగానే ఉంది. బండి చుట్టూ రెండు సార్లు తిరిగి చూశాను. కింద చూడలేదు.

ఏప్రిల్ 16, బుధవారం

ఆబ్రీ పరామర్శకు వచ్చాడు. మా పాత కార్ల క్లబ్బులో ఏ బండి ఎంత అసలుదో తేల్చేది అతనే. చిన్న టార్చీ, పళ్ల డాక్టరు అద్దం లాంటి అద్దం పట్టుకుని బండి కింద దూరతాడు. మా బ్రామ్లీకి పదకొండేళ్ల క్రితం ఇత్తడి పలక ఇచ్చింది అతనే: "ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్టే" అని దాని మీద చెక్కి ఉంటుంది. బ్రేకు షూల మీద రాపిడి పట్టీలు, అంటే 1931 నాటి లైనర్లు, ఇంకా ఉన్న బండి ఈ దేశంలో మాదొక్కటేనని నేను చెప్పని మనిషి లేడు.

"ఎలా జరిగింది?" అన్నాడు.

"రోడ్డు తడిగా ఉంది" అన్నాను.

వంటింట్లోంచి గ్లెనిస్ గొంతు: "పొడిగా ఉంది!"

ఆమె ఎడం చేత్తో టీ పళ్లెం మోసుకొచ్చి, "ఆబ్రీ, ఇప్పటి కార్లకి ఉండే నూనె బ్రేకులు దీనికి పెట్టేస్తే పోలా?" అంది.

ఆబ్రీ కప్పు కింద పెట్టేశాడు. "అమ్మా గ్లెనిస్, అంత మాటనకు! అలా చేస్తే నేను పలక ఊడబెరుక్కుని పోవాల్సొస్తుంది."

"పెరుక్కో. నా చేతికి కట్టుకుంటా, ఈ కట్టుకన్నా గట్టిగా ఉంటుంది."

అతను వెళ్లాక నా ఎదురుగా కూర్చుంది. "విను మాల్కమ్. నా కోసం దానికి లేనిపోనివి తగిలించక్కర్లేదు. ఉన్నవాటినే ఆగేట్టు చెయ్. అది ఆగేదాకా నేనెక్కను. చేతకాకపోతే షెడ్డులో పెట్టి పూజ చేసుకో."

జూన్‌లో క్లబ్బు ప్రయాణం ఉంది. ఎప్పుడూ కెటిల్ బ్యాంక్ మీదుగానే వెళ్తుంది. ముప్పై ఒక్కేళ్లలో ఏనాడూ నా పక్క సీటు ఖాళీగా లేదు.

ఏప్రిల్ 20, ఈస్టర్

మా చర్చి గోపురంలో ఆరు గంటలున్నాయి. గంటల బృందానికి గ్లెనిస్ పెద్ద. అన్నింటికన్నా బరువైన ఆరో గంట ఆమెది, ఆరు వందల కిలోలు. ఆమె బరువు యాభై రెండు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈస్టర్ నాడు ఆ గంట ఆమె చేతిలోనే మోగింది.

ఈరోజు ఐదు గంటలే మోగించారు. ఆరోదాన్ని మోగించగలిగేవాళ్లు ఊళ్లో ఇంకొకరు లేరు.

ఆమె తోటలో నిలబడి విన్నది. ఐదు గంటలు వరసగా మోగి, చివర పెద్ద గంట పడాల్సిన చోట ఏమీ పడటం లేదు. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఆమె ఎడం చెయ్యి కొద్దిగా కిందికి కదులుతోంది. నేను షెడ్డు తలుపు దగ్గర నుంచి చూశాను. ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేశాను.

ఆ బ్రేకులు ఎంత పని చేశాయి!

ఏప్రిల్ 22, మంగళవారం

ముప్పై ఆరేళ్ల కాపురంలో గ్లెనిస్ జుట్టు కడగడం ఇదే మొదటిసారి. "బంగాళాదుంపల్ని తోమినట్టు తోముతావేంటి? నెత్తికి తొక్క తీయక్కర్లేదు" అంది. చెవి వెనక చిన్న పుట్టుమచ్చ ఉందని నాకు ఇవాళే తెలిసింది. ఇన్నాళ్లు ఎక్కడ చూస్తున్నానో!

ఈ మనిషి ఇంకా నా ఎదురుగా తల వంచి కూర్చుంటోంది. అది చాలా పెద్ద విషయం.

చించిన పేజీ గురించి ఎందుకో రెండు సార్లు గుర్తొచ్చింది. అందులో ఏమీ లేదు.

ఏప్రిల్ 26, శనివారం

బండిని జాకీల మీద లేపాను. గ్లెనిస్ ముక్కాలి పీట తెచ్చుకుని ముందు చక్రం పక్కన కూర్చుంది. "సవతి కడుపులో ఏముందో నేనూ చూడాలి, చెప్పు" అంది. ఆమెకు చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను.

పెడల్ నొక్కితే బండి కింద ఒక అడ్డు కడ్డీ తిరుగుతుంది. దానికి కట్టిన ఇనుప తీగలు నాలుగు చక్రాల దగ్గరున్న నాలుగు చిన్న లివర్లను లాగుతాయి. లివరు తిరిగితే లోపల షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. నూనె లేదు, పంపు లేదు. నా కాలి బలం తీగ వెంట నడిచి వెళ్లాలి.

"తాడు, చక్రం. అంతేగా! గంట దగ్గర నేను ముప్పై ఏళ్లుగా చేసేది అదే" అంది.

చక్రం దగ్గరి లివరు మీద ఎడం చెయ్యి వేసి, నన్ను పెడల్ నొక్కమంది. నొక్కాను.

"ఆగు. మళ్లీ. మెల్లగా... మెల్లగా అన్నానా, నీ గంతులు చూడటానికి రాలేదు నేను."

మెల్లగా నొక్కాను.

"ఇదిగో, ఇక్కడి దాకా నీ కాలి బరువు నా చేతికి తెలుస్తోంది. ఇది దాటాక తీగ బిగుస్తోంది గానీ బరువు రావట్లా." మూడు సార్లు అలాగే చేయించింది. "గంట తాడు కూడా ఇంతే మాల్కమ్. గంట సరైన చోట ఉన్నప్పుడు లాగావనుకో, రెండు వేళ్లతో లాగినా వస్తుంది. ఆ చోటు దాటిపోయాక తాడు పట్టుకుని వేలాడినా రాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా సరిగ్గా అప్పుడే వేలాడతారు. నువ్వు కొండ మీద చేసింది అదే."

నేను వెల్లకిలా పడుకుని చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. లివరు వెనక్కి వాలి ఉండాలి. పెడల్ నొక్కినప్పుడు ముందుకు వచ్చి, తీగతో నిటారుగా నిలిచిన చోట షూలు పట్టుకోవాలి. అప్పుడే దానికి పూర్తి బలం. నా బండిలో నొక్కకముందే లివరు నిటారుగా ఉంది. నొక్కితే బలమున్న చోటు దాటిపోతోంది.

ఎందుకంటే ఏళ్ల తరబడి పెడల్ కాస్త కిందికి దిగినప్పుడల్లా నేను అడ్డు కడ్డీ దగ్గరున్న నట్టు బిగిస్తూ వచ్చాను. నట్టు ఒక్క చుట్టు తిప్పితే తీగ పొట్టిదవుతుంది, లివరు అంత ముందుకు వస్తుంది. అరిగింది షూలైతే నేను బిగించింది తీగను.

"ఇంత ఎవరు బిగించారు?" అంది.

"ఏళ్ల నుంచి కొంచెం కొంచెంగా..." అన్నాను.

నేను ముప్పై నాలుగేళ్లు తూనికల శాఖలో పనిచేశాను. దుకాణాల్లో తక్కెళ్లు పరీక్షించి, తక్కువ తూచిన వాళ్లను పట్టుకోవడం నా ఉద్యోగం. నేను ఆమెతో అన్నది అబద్ధం కాదు. తూకం మాత్రం తక్కువ.

చివరి మూడు చుట్లు ఎప్పుడు తిప్పానో గుర్తు లేదు.

గుర్తుంది.

మే 1, గురువారం

డ్రమ్ములు, షూలు, తీగలు, అడ్డు కడ్డీ అన్నీ విప్పి పక్క లోయలో సగ్డెన్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనకు ఎనభై ఒకటి. పాత ఉన్ని మిల్లులో ఒక మూల లేతు మిషను పెట్టుకుని, బ్రేకులు తప్ప ఇంకేదీ ముట్టుకోడు. గ్లెనిస్ ఇచ్చి పంపిన రూబార్బ్ పై అనే తీపి వంటకం ముందు తిని, తర్వాత డ్రమ్ము లేతుకు ఎక్కించి తిప్పాడు.

"చూడు బాబూ, దీన్ని డ్రమ్మంటారా? కోడిగుడ్డంటారు. ఒక పక్క పట్టుకుంటుంది, ఇంకో పక్క వదిలేస్తుంది." లైనర్ల మీద గోరుతో గీశాడు. గీత పడలేదు. "గాజయిపోయాయి. గాజు మీద గాజు ఆగుద్దా?"

అవి అసలువని, 1931 నాటివని, పలక ఉందని చెప్పాను. సగ్డెన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ సంవత్సరం ఈ బండి కొన్నాయనకి, ఇది ఆగదండీ అని చెప్పి అమ్మారంటావా?"

"లేదండి."

"మరి ఆగకపోవడం ఒరిజినల్ ఎలా అవుద్ది బాబూ?"

ఆయనే చెప్పుకుంటూ పోయాడు. డ్రమ్ముల లోపలి వైపు కోసి గుండ్రంగా చేస్తాడట. డ్రమ్ము ఎంత పెద్దదైతే అంత మందం లైనర్లు, కాస్త మెత్తని రకం, పాతవాటిలాగే రాగి రివెట్లతో వేస్తాడట. షూలను డ్రమ్ము వంపుకు సరిపోయేట్టు అరగదీసి, అంచు నుంచి అంచు దాకా ఆనేట్టు చేస్తాడట. అడ్డు కడ్డీ తిరిగే చోట అరిగిన తొడుగులు, ఆ బుష్షులు, తీసి కొత్తవి వేస్తాడట. బయటికి ఒక్కటీ కనిపించదు. కొత్త రకం వస్తువు ఒక్కటీ లేదు. ఎనభై మూడేళ్లలో చేరిన వదులు తీసేయడమే.

తర్వాత తీగ చివరి నట్టును వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇది చివరిసారి ఎప్పుడు బిగించావు?"

"ఈ వసంతంలోనే."

"పానా గుర్తు ఇంకా మెరుస్తోందిలే." నన్ను కళ్లజోడు పైనుంచి చూశాడు. "చాలామంది చేస్తారు. బిగించగానే పెడల్ పైకొచ్చి కాలికి గట్టిగా తగుల్తుంది, బాగైపోయిందనుకుంటారు. పెడల్ గట్టితనం వేరు బాబూ, బ్రేకు పట్టు వేరు. గట్టిగా తగిలే పెడల్ మనుషుల్ని చంపుద్ది."

ఇంకేమీ అడగలేదు. ఆ పెద్దాయన అడగనందుకు దారి పొడుగునా ఆయనకు మనసులో నమస్కారాలు పెట్టుకుంటూ వచ్చాను.

మే 9, శుక్రవారం

గ్లెనిస్‌కు చెప్పేద్దామనుకున్నాను. కునుకు తీస్తోంది. లేచాక చెబుదామనుకున్నాను. లేచింది. టీ పెట్టాను.

మే 13, మంగళవారం

చెప్పలేదు.

మే 17, శనివారం

సగ్డెన్ గారు అన్నీ పంపించాడు. డ్రమ్ముల లోపల నా ముఖం కనిపిస్తోంది. పొద్దున్నుంచి బిగిస్తూనే ఉన్నాను. గ్లెనిస్ పీట మీద కూర్చుని ఒక్కో స్క్రూ అందిస్తోంది, అందిస్తూ పాత పెయింటు వాసన మీదా నా మోకాళ్ల చప్పుడు మీదా వ్యాఖ్యానం చేస్తోంది.

చివరికి తీగలు. ఇప్పుడు షూలు మందంగా ఉన్నాయి, డ్రమ్ములు గుండ్రంగా ఉన్నాయి కాబట్టి తీగ అంత పొట్టిగా ఉండక్కర్లేదు. నట్టు వెనక్కి తిప్పుతూ పోయాను. ఒక్కో చుట్టుకు లివరు కాస్త కాస్త వెనక్కి వాలుతోంది. పదహారు చుట్లు వచ్చేసరికి, ఎనభై ఏళ్ల గ్రీజు కింద, మర మీద చిన్న ఎర్ర రంగు చుక్క కనిపించింది.

ఫ్యాక్టరీలో ఎవరో కుంచెతో పెట్టిన చుక్క. నట్టు ఇక్కడ ఉండాలి అని ఆ మనిషి 1931లో గుర్తు పెట్టాడు. ఎవరూ చెరపలేదు. నేను దాన్ని పదహారు చుట్ల దూరం పోగొట్టుకుని, బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందని పలక తగిలించుకుని తిరిగాను.

నట్టును చుక్క దగ్గర నిలిపాను. గ్లెనిస్ లివరు మీద చెయ్యి వేసింది. నేను పెడల్ నొక్కాను.

"ఇదీ" అంది. "ఇప్పుడొచ్చింది బరువు. మొత్తం వచ్చింది."

ఆమె ముఖం వెలిగిపోయింది. విరగని చేత్తో నా చెంప మీద తట్టింది, గ్రీజు అంటుకుందని కూడా చూసుకోలేదు. ఇక నా వల్ల కాదు.

మే 18, ఆదివారం

చెప్పాను.

తోటలో కూర్చుని ఎడం చేత్తో పత్రికలో గళ్ల నుడికట్టు నింపుతోంది. ఎడం చేతి అక్షరాలు చిన్నపిల్లల అక్షరాల్లా ఉన్నాయి. నేను కూర్చోలేదు, నిలబడే చెప్పాను. కొండ దిగిన రోజుకు ముందు రోజే, మిల్లు దగ్గర నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగలేదని. బ్రేకు లేదని నాకు తెలుసని. ఇంటికొచ్చి నట్టు మూడు చుట్లు బిగించి, పెడల్ గట్టిగా తగిలితే చాలనుకున్నానని.

"ముందు రోజా?"

"ముందు రోజే."

"తెలిసి నన్ను ఎక్కించుకున్నావు."

"ఎక్కించుకున్నాను."

"ఎందుకు?"

"బాగైందనుకున్నాను. పైగా షూలు విప్పి లైనర్లు మారిస్తే పలక పోతుందని..."

"ఈ రెండిట్లో ఏది ముందు?"

పాత ఉద్యోగంలో నేను ఇలాంటి ప్రశ్నలు అడిగేవాణ్ని. ఎదుటివాడు నీళ్లు నమిలితే చాలు, తెలిసిపోయేది.

"పలక" అన్నాను.

పెన్సిలు కింద పెట్టి లోపలికి వెళ్లింది.

మే 19, సోమవారం

మాట్లాడలేదు.

మే 20, మంగళవారం

మాట్లాడలేదు. మంగళవారం కాబట్టి జుట్టు కడగమని వచ్చి కూర్చుంది. తల వంచింది. కడిగాను. "నీళ్లు వేడిగా ఉన్నాయి" అంది. చన్నీళ్లు కలిపాను. ఈ ఒక్క మాట మీద రేపటి దాకా బతకగలను.

మే 21, బుధవారం

పొద్దున ఫలహారం దగ్గర నోరు విప్పింది.

"నువ్వు చెప్పకపోయుంటే నాకెప్పటికీ తెలిసేది కాదు."

"అవును."

"అయినా చెప్పావు. నెలా ఆరు రోజులు ఆలస్యంగా ఏడ్చావనుకో."

"అవును."

"అవును అవును అంటావేంటి, గుడిగంటలా! వినూ. నాకు కోపం తగ్గలేదు. తగ్గినప్పుడు చెప్తా, అప్పటిదాకా అడక్కు. క్లబ్బు ప్రయాణానికి వస్తాను. కానీ కొండ దిగేటప్పుడు నడిపేది నేను. నువ్వు పక్కన కూర్చో. నేను కూర్చున్న చోట."

బ్రామ్లీని గ్లెనిస్ ఎప్పుడూ నడపలేదు. నేను ఏనాడూ ఇవ్వలేదు. మామూలు కారులో దేశమంతా తిరిగిన మనిషి. ముప్పై ఆరేళ్లుగా ఒక్కసారి అడుగుతుందేమో అని నేను కారణాలు సిద్ధంగా పెట్టుకునేవాణ్ని. ఆమె అడగలేదు. ఇప్పుడు కూడా అడగలేదు, చెప్పింది.

"సరే" అన్నాను. ఇంత సంతోషంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

మే 27, మంగళవారం

కట్టు విప్పారు. చెయ్యి సన్నగా, పాలిపోయి ఉంది. పెద్ద గంట శరదృతువు దాకా ముట్టుకోవద్దన్నారు. కారు నడపొచ్చట. ఆమె ఆ చేత్తో మొదట చేసిన పని నా చొక్కా కాలరు సరిచేయడం.

జూన్ 3, మంగళవారం

కొత్త లైనర్లు డ్రమ్ముకు అలవాటు పడాలి. పైన పచ్చికబయలు రోడ్డు మీద కొన్ని రోజులుగా గ్లెనిస్ నడుపుతోంది. ఉద్యోగంలో వాడిన ఉక్కు టేపు పట్టుకెళ్లాను. గంటకు ఇరవై మైళ్ల వేగం నుంచి మొదటి రోజు పద్దెనిమిది గజాల్లో ఆగింది. ఈరోజు తొమ్మిది.

"నువ్వు కొలువు, నేను ఆపుతా. ఎవరి పని వాళ్లకి" అంది. గొర్రెలు గోడ మీదుగా తొంగిచూశాయి.

ఆమె పెడల్‌ను ఒక్కసారిగా తొక్కదు. కాలు ఆనించి, లివరు ఆ చోటికి వచ్చేదాకా ఆగి, అప్పుడు బరువు వేస్తుంది. నలభై ఏళ్లు నడిపిన నేను ఈ సంగతి ఇవాళ నేర్చుకున్నాను.

జూన్ 14, శనివారం

ఆబ్రీ టార్చీ, అద్దం పట్టుకుని వచ్చాడు. అరగంట బండి కింద ఉన్నాడు. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"వేలు పెట్టడానికి లేదు. వచ్చినది వచ్చినట్టే."

"లైనర్లు అప్పటివి కావు ఆబ్రీ. డ్రమ్ములు కోయించాను. బుష్షులు కొత్తవి."

"నాకేమీ కనబళ్లేదే!"

"కనబడదు. అందుకే చెప్తున్నా."

స్క్రూడ్రైవరు తీసుకుని పలక నేనే విప్పి అతని చేతిలో పెట్టాను. ఆ చోట రెండు చిల్లులు మిగిలాయి. ఆబ్రీ పలకను చూశాడు, నన్ను చూశాడు.

"ఇదెందుకిస్తున్నావు? అరిగే భాగాలు లెక్కలోకి రావు కదా. టైర్లు, బెల్టులు, లైనర్లు, బుష్షులు. క్లబ్బు మొదలైన నాటి నుంచీ నియమాల్లో ఉంది. పదకొండో పేజీ. నువ్వు చదవలా?"

నేను చదవలేదు.

ముప్పై నాలుగేళ్లు దుకాణదారులకు చట్టం చదివి వినిపించినవాణ్ని. తెలియదండీ అన్నవాణ్ని నమ్మినవాణ్ని కాదు. పదకొండో పేజీ తిరగేయలేదు. పలక ఏనాడూ ప్రమాదంలో లేదు. ప్రమాదంలో ఉన్నది గ్లెనిస్ ఒక్కతే.

ఆమె తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. తర్వాత వచ్చి ఆ చిల్లుల మీద వేలు పెట్టి, "ఈ రెండూ కూడా ఒరిజినలేనా ఆబ్రీ?" అంది.

ఆబ్రీ వంగి వాటి మీదికి టార్చీ వేశాడు. నాకు మాత్రం ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పలక మళ్లీ తగిలించలేదు.

జూన్ 15, ఆదివారం

గ్లెనిస్ చర్చిలో అన్నిటికన్నా చిన్న గంట మోగించింది. పెద్దది ఇంకా ఖాళీయే. తోటలో నిలబడి విన్నాను. వరస మొదట్లో చిన్న గంట మోగినప్పుడల్లా, ఇదిగో ఉన్నాను అన్నట్టే వినబడింది.

జూన్ 22, ఆదివారం

ఎండ బాగా ఉంది. పద్దెనిమిది బండ్లు. కొండ మీదికి నేను నడిపాను. పైన ఆపి, దిగి, అటు వైపు వెళ్లి ఎడమ సీట్లో కూర్చున్నాను. గ్లెనిస్ సీటు ముందుకు జరుపుకుంది.

"గట్టిగా పట్టుకోకు. తాడు పట్టుకుని వేలాడేవాళ్లంటే నాకు భయం" అంది.

ఈ సీట్లోంచి కొండ వేరేగా ఉంటుంది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎదురుగా అద్దం, దాని వెనక రోడ్డు కిందికి జారిపోతూ ఉంటుంది. మొదటి మలుపులోనే నా కుడి కాలు ఖాళీ నేలను తొక్కుతోంది. అక్కడ పెడల్ లేదు. ముప్పై ఒక్కేళ్లు ఆమె ఇలా ఖాళీ నేల తొక్కుతూ, నాతో కబుర్లు చెబుతూ, నా మీద భరోసా పెట్టుకుని దిగింది. ఏప్రిల్ పదమూడున కూడా.

రెండో మలుపు కనిపించింది. గోడలో కొత్త రాళ్లు తెల్లగా ఉన్నాయి. రైతు మళ్లీ పేర్చాడు. గ్లెనిస్ కాలు ఆనించింది. ఒక క్షణం ఏమీ కాలేదు. ఆమె బరువు వేసింది.

బండి ఆగింది. ఊగలేదు, అరవలేదు. గోడకు ఇరవై గజాల ఇవతల, నిట్టనిలువు దిగుడు మీద, కదలకుండా నిలబడింది.

"దిగి ఆ గోడ చూసి రా" అంది.

దిగాను. ఆమె లోపల కూర్చుని ఉంది, కాలు పెడల్ మీద ఉంది. ఆరు వందల కిలోలకన్నా బరువైనదాన్ని పాదం కింద పట్టుకుని, కిటికీలోంచి నన్ను చూస్తోంది. నేను తెల్లరాళ్ల మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగాను. కళ్లు మసకబారాయి.

"ఏంటది?" అంది.

"గాలి."

"గాలేం లేదు."

వచ్చి కూర్చున్నాను. వెనక వచ్చేవాళ్లు హారన్లు కొడుతున్నారు. ఆమె తొందరపడలేదు. "కోపం తగ్గింది" అంది. "ఇప్పుడే తగ్గింది. అనుకున్న టైముకే."

కింద పచ్చిక మీద శాండ్‌విచ్‌లు తిన్నాం. పేజీ చించిన సంగతి కూడా అక్కడే చెప్పాను, అదొక్కటే మిగిలింది కాబట్టి. ఆమె నవ్వేసింది. "చించడం చేతనైనవాడివి, రాయడం చేతకాదా? మళ్లీ రాయి. నాకు చూపించక్కర్లేదు."

ఏప్రిల్ 12, శనివారం

పెట్రోలుకు వెళ్లాను. మిల్లు దగ్గర నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగలేదు. దాటిపోయాక నా వెనకే అడ్డంగా పాల ట్యాంకరు వెళ్లింది. డ్రైవరు తిట్టాడు. తిట్టడంలో తప్పు లేదు.

ఇంటికొచ్చి నట్టు మూడు చుట్లు బిగించాను. పెడల్ కాలికి గట్టిగా తగిలింది. బాగైందనుకున్నాను అని రాయబోయి ఆగాను. బాగైందని అనుకోవాలనుకున్నాను.

భోజనం దగ్గర గ్లెనిస్ అడిగింది: "రేపు కొండ దిగుతాంగా, బ్రేకులెలా ఉన్నాయి?"

"బంగారంలా ఉన్నాయి" అన్నాను.

సరేనని లేచి, దారిలో తినడానికి రొట్టె కోసింది, కుడి చేత్తో.

ఇది రాస్తుంటే జూన్ సాయంత్రం. ఆమె పక్క గదిలో అదే చేత్తో టీ కలుపుతోంది. చెంచా చప్పుడు వినిపిస్తోంది.